రిగ్గు ఆగకూడదు!

పిల్లలూ! వేసవి రాత్రి ఆరుబయట మంచం వేసుకుని పడుకున్నప్పుడు, దూరాన పొలాల్లోంచి తెంపు లేకుండా ఒక మోత వినిపించడం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. గుంతకల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఉండేవారికైతే అది మరీ పరిచయం. అది రైలు చప్పుడు కాదు. రైలు వస్తుంది, పోతుంది. ఈ మోత మాత్రం గంటల తరబడి ఒకే స్థాయిలో సాగుతుంది. అది బోరు బండి మోత. ఎవరో రైతు తన పొలంలో నీటికోసం బోరు వేయిస్తున్నాడన్నమాట.

బోరు వేస్తున్న చోటికి వెళ్ళి చూడండి. రైతు, ఇంటివాళ్ళు, ఇరుగుపొరుగు రైతులు అందరూ చుట్టూ చేరి ఉంటారు. అందరి చూపూ గొట్టాలు దిగుతున్న రంధ్రం మీదే. కాని అక్కడే ఉన్న ఒక మనిషి మాత్రం రంధ్రం వైపు అంతగా చూడడు. అతను రెండో లారీ పక్కన నిలబడి ఇంజన్ మోత వింటూ ఉంటాడు. పొగ ఏ రంగులో వస్తున్నదో చూస్తాడు. మీటర్లలో ముళ్ళు ఎక్కడున్నాయో చూస్తాడు. అతనే మెకానిక్. అతని చొక్కా నిండా నూనె మరకలు, చేతిలో పానా, భుజాన ఒక మసిగుడ్డ.

నీటికోసం తవ్వే ఈ రిగ్గుకూ, కోనసీమలోనూ బొంబాయి సముద్రంలోనూ చమురు కోసం తవ్వే పెద్ద రిగ్గులకూ దగ్గర చుట్టరికం ఉంది. రెండుచోట్లా మెకానిక్ పని ఒకటే. ఇంజన్ ఆగకుండా చూడడం. ఎందుకు ఆగకూడదు? లారీ ఇంజన్ ఆగితే లారీ రోడ్డు పక్కన నిలబడిపోతుంది, అంతే. రిగ్గు ఇంజన్ ఆగితే సంగతి అలా ఉండదు. అదేమిటో చూద్దాం.

రాతి కింద నీళ్ళు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ కొన్నేళ్ళు సరిగా కురవదు. పైన నల్లరేగడి గాని ఎర్రనేల గాని ఉంటుంది. దాని కింద ఎండకూ వానకూ మెత్తబడిన రాయి ఉంటుంది. ఇంకా కిందికి పోతే గ్రానైటు జాతికి చెందిన గట్టిరాయి. ఆ రాతి వయస్సు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు!

ఇసుకనేలలో నీరు గింజల మధ్య సందుల్లో నిలుస్తుంది. గట్టిరాతికి అటువంటి సందులు లేవు. అక్కడ నీరు పగుళ్ళలో మాత్రమే ఉంటుంది. బోరు పగులును తాకితే నీళ్ళు, తాకకపోతే పిండి. పూర్వం కపిల బావుల్లో నీరు పైపైనే అందేది. పంపులు వచ్చి తోడకం ఎక్కువైన కొద్దీ పైనున్న నీరు తరిగిపోయింది. ఇప్పుడు అనేకచోట్ల వందల అడుగుల లోతుకు పోవలసి వస్తున్నది.

బోరు ఖర్చును అడుగుల లెక్కన కడతారు. ఆ డబ్బును చాలామంది రైతులు అప్పు చేసే తెస్తారు. కాబట్టి ఆ రంధ్రంలోకి దిగుతున్నది ఉక్కు గొట్టాలు మాత్రమే కాదు, ఒక కుటుంబం ఏడాది ఆశ కూడా.

గాలితో రాతిని కొట్టడం

అంత గట్టిరాతిని గాలితో తొలుస్తారంటే నమ్ముతారా? నిజమే.

బోరు పని మీద సామాన్యంగా రెండు లారీలు వస్తాయి. ఒకదాని మీద నిచ్చెనలాంటి ఉక్కు స్తంభం ఉంటుంది. అదే గొట్టాలను నిలబెట్టి తిప్పేది. రెండోదాని మీద గొట్టాలూ సామానూ ఉంటాయి. కంప్రెసర్ అనే గాలియంత్రం కొన్ని బండ్లలో మొదటి లారీ మీద, కొన్నింటిలో రెండోదాని మీద ఉంటుంది. కంప్రెసర్‌ను తిప్పేది పెద్ద డీజిల్ ఇంజన్.

ఒక పెద్ద కంప్రెసర్ నిమిషానికి 1100 ఘనపుటడుగుల గాలిని పీలుస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల ఎత్తు ఉన్న గదిని ఊహించుకోండి. ఆ గదిలోని గాలినంతా ఒక్క నిమిషంలో మింగేస్తుందన్నమాట. ఆ గాలిని చదరపు అంగుళానికి 300 పౌండ్ల పీడనం వచ్చేదాకా నొక్కుతుంది. కారు టైరులోని గాలి పీడనానికి ఇది సుమారు పది రెట్లు. ఇందుకు దాదాపు 400 అశ్వశక్తి గల ఇంజన్ కావాలి.

ఆ గాలి గొట్టాల గుండా అడుగుకు పోతుంది. అక్కడ, రంధ్రం అడుగునే, సుత్తి ఉంటుంది. గాలి తోపుకు సుత్తిలోని ముషలకం పైకీ కిందికీ ఆడి, ఉలిలాంటి 'బిట్టు'ను నిమిషానికి వెయ్యికి పైగా దెబ్బలు కొడుతుంది. బిట్టు ముఖాన టంగ్‌స్టన్ కార్బైడ్ బొడిపెలు పొదిగి ఉంటాయి. ఆ దెబ్బలకు రాయి పిండి అవుతుంది.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. పని చేసిన గాలి బిట్టు రంధ్రాల్లోంచి బయటపడి, ఆ పిండిని ఊదుకుంటూ పైకి తీసుకువస్తుంది. బోరు దగ్గర తెల్లటి మేఘంలా లేచేది అదే. అంటే గాలి రెండు పనులు చేస్తున్నది. రాయిని కొడుతున్నది, రంధ్రాన్ని శుభ్రం చేస్తున్నది.

మరి ఇంజన్ హఠాత్తుగా ఆగితే? గాలి ఆగుతుంది. నాలుగు వందల అడుగుల గొట్టం చుట్టూ పైకి వస్తున్న రాతిపిండి అంతా ఒక్కసారిగా కిందికి పడుతుంది. సుత్తి నెత్తిన కూరుకుంటుంది. అందులో తడి కూడా ఉంటే సిమెంటులా బిగుసుకుంటుంది. సుత్తి ఇరుక్కుపోయి రాకపోతే సుత్తి పోయినట్టే, గొట్టాలు పోయినట్టే, బోరు కూడా పోయినట్టే. రైతు డబ్బూ పోయినట్టే.

1966-67 లో బీహార్‌లో ఘోరమైన కరువు వచ్చినప్పుడు యునిసెఫ్ సంస్థ ఇలాంటి గాలిసుత్తి రిగ్గులను మన దేశానికి తెప్పించింది. చేత్తో నెలల తరబడి తవ్వలేని రాతిలో అవి త్వరత్వరగా బోర్లు వేశాయి. తరువాత మన దేశంలోనే రిగ్గుల తయారీ పెరిగింది. తమిళనాడులోని తిరుచెంగోడు బోరు బండ్లకు పేరుపడిన ఊరు. అక్కడి బండ్లు మన రాయలసీమకే కాదు, దేశంలో అనేక రాష్ట్రాలకు వెళుతుంటాయి.

నిప్పురవ్వ లేని మంట

మెకానిక్ పని అర్థం కావాలంటే డీజిల్ ఇంజన్ సంగతి కొంత తెలియాలి. సైకిల్ పంపు తీసుకోండి. గాలి వచ్చే కంతను వేలితో గట్టిగా మూసి ఇరవై, ముప్పైసార్లు వేగంగా కొట్టండి. ఇప్పుడు పంపు అడుగుభాగాన్ని తాకి చూడండి. వెచ్చగా ఉంది కదూ? గాలిని నొక్కితే వేడెక్కుతుంది.

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ సూత్రాన్నే వాడుకుని 1897 లో తన ఇంజన్‌ను విజయవంతంగా నడిపి చూపించాడు. సిలిండర్‌లోని గాలిని పదహారోవంతుకో అంతకన్న తక్కువకో నొక్కితే దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. అప్పుడు సన్నని నాజిల్ నుంచి డీజిల్‌ను చిమ్మితే చాలు, దానంతట అదే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజన్‌లోలాగ నిప్పురవ్వ అక్కరలేదు.

కాబట్టి ఈ ఇంజన్‌కు కావలసినవి ముఖ్యంగా మూడు: శుభ్రమైన గాలి, శుభ్రమైన నూనె, వేడి బయటికి పోయే దారి. బోరు వేసే చోట ఈ మూడూ కరువే! చుట్టూ రాతిదుమ్ము. గ్రానైటులో ఉండే పలుగురాయి ఇనుముకన్న గట్టిది. ఆ దుమ్ము గాలి ఫిల్టరు దాటి సిలిండర్‌లోకి పోతే లైనర్‌నూ రింగులనూ ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే మెకానిక్ ఇంజన్‌ను ముట్టుకునే ముందు ఫిల్టరును చూస్తాడు.

పొగ చెప్పే కబుర్లు

వైద్యుడు నాలుక చూసినట్టు మెకానిక్ పొగను చూస్తాడు.

నల్లటి పొగ వస్తే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ అని అర్థం. ఫిల్టరు పూడిపోయి ఉండవచ్చు, నాజిల్ సరిగా చిమ్మక చుక్కలు కారుస్తూ ఉండవచ్చు.

నీలిరంగు పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతున్నదని అర్థం. రింగులు అరిగి ఉంటాయి.

ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా తెల్లటి పొగ వస్తూ ఉంటే డీజిల్ కాలకుండానే బయటికి పోతున్నదనో, నీరు సిలిండర్‌లోకి చేరుతున్నదనో అనుమానించాలి.

పొగ తరువాత చెవి. ఇంజన్ మోతలో ప్రతి చప్పుడుకూ ఒక స్థానం ఉంది. కొత్త చప్పుడు ఏది చేరినా మెకానిక్ చెవి పట్టేస్తుంది. అనుభవం గలవారు పొడవైన స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి తాకించి వింటారు. డాక్టరుగారి స్టెతస్కోపు పని చేసేది కూడా ఇంచుమించు ఇలాగే.

ఆ అరగంట

ఇప్పుడు ఒక సన్నివేశం ఊహించుకోండి. మే నెల మధ్యాహ్నం. ఎండ 40 డిగ్రీలు దాటింది. బోరు 430 అడుగులు దిగింది. ఇంకా దుమ్ము తెల్లగానే లేస్తున్నది. కంప్రెసర్ ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎర్రగీత వైపు జరుగుతున్నది. మెకానిక్ రేడియేటర్ దగ్గరికి వెళ్ళి చూశాడు. రేకుల మధ్య సందుల్లో రాతిదుమ్మూ నూనెతడీ కలిసి పిండికట్టి ఉన్నాయి. గాలి ఆడడం లేదు.

ఇప్పుడేం చేయాలి? అలాగే నడిపితే వేడికి ఇంజన్ పట్టేసి తనంతట తానే ఆగుతుంది. అప్పుడు సుత్తి అడుగున ఇరుక్కుంటుంది. వెంటనే ఆపేసినా ఇరుక్కుంటుంది.

అతను చేయి ఎత్తి డ్రిల్లరుకు సైగ చేశాడు. డ్రిల్లరు కొట్టడం ఆపాడు, గాలిని మాత్రం ఆపలేదు. కొట్టడం ఆగడంతో ఇంజన్ మీద భారం కొంత తగ్గింది. గాలి అడుగునుంచి పిండినంతా ఊదేసింది. దుమ్ము పలచబడింది. తరువాత నాలుగైదు గొట్టాలు పైకి లాగి విప్పారు. సుత్తి అడుగునుంచి చాలా ఎత్తుకు వచ్చింది. అప్పుడు గాలి కట్టేసి, ఇంజన్‌ను కొన్ని నిమిషాలు మెల్లగా తిరగనిచ్చి, చివరకు ఆపారు.

రైతు కంగారుగా వచ్చాడు. "ఏమప్పా, నీళ్ళ జాడ కనపడకముందే ఆపేసినావే?"

"ఊపిరి తీసుకోనిస్తున్నా అన్నా. ఇప్పుడు మనం ఆపకుంటే, అదే ఆగిపోతాది. అప్పుడు లాగినా రాదు."

అరగంటలో రేడియేటర్ రేకులను శుభ్రం చేశాడు. దుమ్మును ఇంకా లోపలికి నెట్టకుండా, అది వచ్చిన దారినే బయటికి పోయేలా వెనుకవైపు నుంచి ఊదాడు. నీరు చల్లబడేదాకా రేడియేటర్ మూత తీయలేదు. వేడిమీద తీస్తే ఆవిరి ముఖాన కొడుతుంది. బెల్టు బిగువు చూశాడు. ఇంజన్ మళ్ళీ అందుకుంది.

నీళ్ళు పడడం రాతి చేతిలో ఉంది. రంధ్రం పూర్తికావడం మాత్రం ఆ మనిషి చేతిలో ఉంది.

కదలని రైలింజన్

గుంతకల్లు పెద్ద రైల్వే జంక్షన్. డీజిల్ రైలింజన్‌ను మీరు చూసే ఉంటారు. ఇప్పుడు కరెంటు ఇంజన్లు ఎక్కువైనా, దశాబ్దాలపాటు ఈ దారుల్లో డీజిల్ ఇంజన్లే రైళ్ళను లాగాయి. వాటిలో చాలావాటిలో ఒక తమాషా ఉంది. డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు. అది జనరేటర్‌ను తిప్పుతుంది. జనరేటర్ విద్యుత్తు ఇస్తుంది. ఆ విద్యుత్తుతో ఇరుసుల దగ్గరున్న మోటార్లు చక్రాలను తిప్పుతాయి.

పెద్ద చమురు రిగ్గు కూడా సరిగ్గా ఇలాంటిదే. దాన్ని కదలని రైలింజన్ అనవచ్చు. వెయ్యి అశ్వశక్తికి పైబడిన డీజిల్ ఇంజన్లు నాలుగైదు వరుసగా నిలబడి జనరేటర్లను తిప్పుతాయి. ఆ విద్యుత్తుతో గొట్టాలను ఎత్తి దించే పెద్ద చక్రమూ, గొట్టాలను తిప్పే యంత్రమూ, పంపులూ నడుస్తాయి. రైలింజన్ల కోసం తయారైన మోటార్ల రకాలే చమురు రిగ్గుల్లోకీ వచ్చాయి. అందువల్ల రైల్వే షెడ్డులో పని నేర్చినవాడికి రిగ్గు ఇంజన్ గది బొత్తిగా కొత్తగా అనిపించదు.

మన తెలుగునేల మీద ఇలాంటి రిగ్గులు కృష్ణా గోదావరి డెల్టాల్లో పనిచేస్తాయి. ఓ.ఎన్.జి.సి. సంస్థ రాజమండ్రి కేంద్రంగా అక్కడ చమురు, సహజవాయువుల కోసం బావులు తవ్వుతున్నది. బొంబాయి సముద్రంలో 1974 లో 'సాగర్ సమ్రాట్' అనే రిగ్గు తవ్విన బావిలో చమురు పడిన సంగతి మీరు పాఠాల్లో చదివి ఉంటారు.

గాలి బదులు బురద

చమురు బావి మూడు వేల మీటర్ల లోతుకు పోవడం మామూలే. ఒక్కొక్కటి సుమారు 9 మీటర్ల పొడవుండే గొట్టాలు మూడు వందలకు పైగా కావాలి. మొత్తం బరువు వంద టన్నుల ప్రాంతం. అంత లోతునుంచి రాతిపిండిని గాలితో ఊదడం కుదరదు. ఇక్కడ గాలి బదులు బురదను వాడతారు. నీటిలో ప్రత్యేకమైన బంకమట్టి కలిపి, పంపులతో గొట్టాల్లోకి తోస్తారు. ఆ బురద బిట్టును చల్లబరుస్తుంది, రాతిముక్కలను పైకి తెస్తుంది.

దానికి మూడో పని కూడా ఉంది. అది అన్నిటికన్న ముఖ్యం. పది మీటర్ల నీటి స్తంభం దాదాపు ఒక వాతావరణ పీడనంతో కిందికి నొక్కుతుంది. మూడు వేల మీటర్ల నీరు మూడు వందల రెట్లు నొక్కుతుంది. భూమి అడుగున గ్యాసు అంతకన్న ఎక్కువ పీడనంతో ఉంటే? బురద బరువు పెంచాలి. అందుకు ముగ్గురాయి పొడి కలుపుతారు. అది నీటికన్న నాలుగు రెట్లకు పైగా బరువైనది. ఈ ముగ్గురాయికి ప్రపంచ ప్రసిద్ధి పొందిన గనులు ఎక్కడున్నాయో తెలుసా? మన రాయలసీమలోనే, మంగంపేటలో!

ఇంజన్లు ఆగితే పంపులు ఆగుతాయి. రాతిముక్కలు కిందికి దిగి గొట్టాలు ఇరుక్కునే ప్రమాదం ఇక్కడా ఉంది. బురద చాలని చోట గ్యాసు పైకి తోసుకువచ్చే భయం కూడా ఉంది. అందుకే బావి మూతి దగ్గర బ్లోఅవుట్ ప్రివెంటర్ అనే బలమైన ఉక్కుతలుపుల ఏర్పాటు ఉంటుంది. ఇంజన్లన్నీ చచ్చిపోయినా ఆ తలుపులు మూసుకోవాలి కదా! దానికొక ఉపాయం చేశారు. ఉక్కు సిలిండర్లలో నత్రజని వాయువును నొక్కి ఉంచి, దాని మీద నూనెను ఎక్కిస్తారు. మీట నొక్కగానే స్ప్రింగులా నత్రజని నూనెను తోస్తుంది, తలుపులు మూసుకుంటాయి. ఆ సిలిండర్ల పీడనం సరిగా ఉన్నదా లేదా అని చూసుకోవడం కూడా యంత్రాల పనివారి నిత్యకృత్యమే.

బావి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమవారికి తెలుసు. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర ఒక బావినుంచి గ్యాసు ఎగజిమ్మి అంటుకుంది. ఆ మంట 65 రోజులు మండింది.

ఆపడం తెలియాలి

ఇంతవరకు 'ఇంజన్ ఆగకూడదు' అని చెప్పుకున్నాం. ఇప్పుడొక ప్రశ్న. డీజిల్ ఇంజన్‌ను ఆపడం ఎలా? డీజిల్ సరఫరా కట్టేస్తే ఆగుతుంది, అంటారు మీరు. మామూలుగా అంతే. కాని చుట్టూ ఉన్న గాలిలోనే మండే గ్యాసు ఉంటే?

ఇంజన్ గాలితోపాటు ఆ గ్యాసునూ పీలుస్తుంది. గ్యాసే దానికి ఆహారం. డీజిల్ కట్టేసినా ఆగదు సరికదా, వేగం పెంచుకుంటూ పోతుంది. చివరకు ముక్కలైనా కావచ్చు, ఎగసిన మంటతో చుట్టూ ఉన్న గ్యాసును అంటించనూవచ్చు. అప్పుడు ఆపడానికి ఒకటే దారి. గాలి పీల్చే గొట్టాన్నే మూసేయాలి. అందుకే రిగ్గు ఇంజన్లకు గాలిదారిలో అత్యవసరపు మూత అమరుస్తారు. ఈ మూత ఏళ్ళ తరబడి ఒక్కసారీ అవసరం పడకపోవచ్చు. అయినా మెకానిక్ దాన్ని క్రమం తప్పకుండా మూసి, తెరిచి పరీక్షించాలి. తుప్పుపట్టి బిగుసుకుపోతే ఆ ఒక్కరోజున పనికిరాదు.

2010 ఏప్రిల్ 20 న మెక్సికో సింధుశాఖలో 'డీప్‌వాటర్ హొరైజన్' అనే సముద్రపు రిగ్గు మీద గ్యాసు బావినుంచి ఎగజిమ్మింది. ఇంజన్ల వేగం విపరీతంగా పెరగడం విన్నామని, దీపాలు మిరుమిట్లు గొలిపేలా వెలిగాయని, ఆ తరువాతే పేలుళ్ళు జరిగాయని బతికి బయటపడినవారు విచారణలో చెప్పారు. ఆ ప్రమాదంలో 11 మంది చనిపోయారు.

కాబట్టి మంచి మెకానిక్ అంటే ఇంజన్‌ను నడిపించగలవాడు మాత్రమే కాదు. ఎప్పుడు ఆపకూడదో, ఎప్పుడు ఆపి తీరాలో, ఏ వరుసలో ఆపాలో తెలిసినవాడు.

మెకానిక్‌ను ఎవరు కాపాడతారు?

చమురు రిగ్గుల మీద సాధారణంగా రోజుకు 12 గంటల పని. చాలా రిగ్గుల్లో 14 రోజులు పనిచేసి 14 రోజులు ఇంటికి పోతారు. హెల్మెట్టు, చెవులకు రక్షణ, ఉక్కుముక్కు బూట్లు తప్పనిసరి. బోరు బండ్ల మీద పనిచేసేవారికి మాత్రం ఇవి చాలాచోట్ల అందడం లేదు. వారు నెలల తరబడి ఊరూరా తిరుగుతూ బండి నీడనే నిద్రపోతారు.

రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ మించిన మోత వింటే చెవికి ముప్పు. బోరు బండి మోత అంతకన్న ఎక్కువ. ఇంజన్‌లో దుమ్ము చేరకుండా ఫిల్టరు పెట్టే మనిషి తన ముక్కుకు మాత్రం గుడ్డ కట్టుకోవడం మరచిపోతాడు. పలుగురాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దానివల్ల పాడైన ఊపిరితిత్తులు మళ్ళీ బాగుపడవు. ఇంజన్‌కు కొత్త లైనరు వేయవచ్చు, మనిషికి వేయలేం. దుమ్ము లేచేచోట నీటితుంపర వేయడం, సరైన ముసుగు తొడుక్కోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

ఈ పని నేర్చుకోవాలనుకునేవారికి పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లలో డీజిల్ మెకానిక్ శిక్షణ ఉంది. పుస్తకంలో పీడనం, ఉష్ణోగ్రత, ఘనపరిమాణం అని మీరు చదివే పాఠమే అక్కడ చేతికి నూనె అంటించుకుని మళ్ళీ చదువుతారు.

చివరగా ఒక మాట. బోరు వేసినప్పుడు నీళ్ళు పడకపోతే బండి వెళ్ళిపోతుంది, రంధ్రం మిగిలిపోతుంది. అలాంటి తెరిచిన రంధ్రాల్లో పసిపిల్లలు పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. వదిలేసిన బోరును అడుగునుంచి పైదాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010 లోనే ఆదేశించింది. మీ ఊళ్ళో మూతలేని బోరు కనిపిస్తే దగ్గరికి పోకండి. వెంటనే పెద్దలకు, సర్పంచికి చెప్పండి.

ఈసారి రాత్రివేళ పొలాల్లోంచి ఆ మోత వినిపిస్తే కాసేపు చెవి పెట్టి వినండి. అది ఒకే స్థాయిలో, తొణక్కుండా సాగుతున్నదంటే అక్కడ ఒక మనిషి నిద్రమానుకుని దాన్ని వింటూ ఉన్నాడన్నమాట!